పెరటి పంది - దాని పూర్వచరిత్ర



పంది యనగానే మనలో ననేకులు మొగము చిట్లింతురు. కాని మన పూర్వులు ఆ జంతువును అంతగా నిరసింపలేదు. వేంగి నేలిన తూర్పు చాళుక్యుల రాజలాంఛనము వరాహము. విజయనగర కాలమున చెల్లిన బంగారు నాణెమునకు వరహా యను పేరు వరాహమూర్తినుండియే వచ్చినది. తిరుమల కొండ నెక్కినవారు ముందు వరాహస్వామిని దర్శించి, పిదప వేంకటేశ్వరుని సేవించుట నేటికిని ఆచారము. గుడిలో పూజ లందుకొను రూపము వీధిలో చీదరింపబడుటకు కారణ మేమి? వీధిలోని పందికి మనము దొడ్డి కట్టలేదు, మేత పెట్టలేదు. అది దొరికిన చోట దొరికినది తిని బ్రదుకుచున్నది.

పెరటిలో ఒకటి రెండు పందులను పెంచుకొనిన చిన్న సంసారముల చరిత్రను నేడు మీకు మనవిచేయ దలచితిని. పందిపిల్లను కొనితెచ్చుటకు ముందు గృహస్థుడు ఏమేమి సిద్ధపరచుకొనవలెను? ఈ ప్రశ్నకు బదులు వెదకుటకు మిమ్ములను కొంతసేపు ఇంగ్లండు, ఐర్లండు దేశముల పల్లెలకు తోడ్కొనిపోయెదను. అచ్చటి పేద కూలివాండ్రు అనేక తరములు పెరటి పందిని నమ్ముకొని బ్రదికిరి. ఆ బ్రదుకును చూచి వ్రాసి యుంచినవారును గలరు. పిదప మన యూరికే తిరిగి వత్తము.

ఇంగ్లండు నేలిన విలియము రాజు 1086 వ సంవత్సరమున తన రాజ్యమందలి గ్రామములను లెక్క వ్రాయించెను. ఆ లెక్కలకు డూమ్స్‌డే గ్రంథ మని పేరు. అందు అనేక గ్రామముల యడవిని వ్రాయునపుడు, అది యెన్ని పందులను పోషింపగలదో ఆ సంఖ్యనే వ్రాసిరి. అడవికి కొలత పంది యన్నమాట. శరత్కాలమున ఓకు, బీచి యను చెట్ల కాయలు నేల నిండ రాలును. పల్లెవారు తమ పందులను కాపరి వెంట అడవికి తోలి, అవి క్రొవ్వెక్కిన పిదప చలికాలమున కోసి, మాంసమునకు ఉప్పు పట్టించి, ఏడాది పొడవున వాడుకొనెడివారు. అడవి యజమానికి దీనికై పుల్లరి చెల్లించుటయు నుండెను. ఆ కాలమున పంది మేత ఇంటిది కాదు, ఊరిది.

ఈ యేర్పాటు క్రమముగా శిథిలమాయెను. అడవులు తరిగెను. 18వ శతాబ్దపు ఉత్తరార్ధమునను, 19వ శతాబ్దపు ఆరంభమునను పార్లమెంటువారు వేలకొలది కంచె చట్టములను చేసి, ఊరుమ్మడి బీళ్లను, బంజరులను విడదీసి యజమానుల పరము గావించిరి. ఆవును మేపుకొనిన పేదవాడు ఆవును కోల్పోయెను. పెద్దబాతులను మేపుకొనిన ముసలమ్మ వానిని కోల్పోయెను. కూలివానికి మిగిలినది గుడిసె, గుడిసె వెనుక కొంచెము దొడ్డి. ఆ దొడ్డిలో ఇమిడిన జంతువు పంది యొక్కటియే. ఏలనన, గడ్డి లేకున్నను అది కుడితితో, ఆకుకూరతో, దుంపతో బ్రదుకగలదు. ఈ విధముగా పంది అడవి విడిచి పెరడు చేరెను. ఊరు పెట్టిన మేత నాటినుండి ఇల్లు పెట్టవలసి వచ్చెను.

ఈ మార్పును కన్నులార చూచినవాడు విలియం కాబెట్టు. ఇతడు 1763 లో ఫార్నహా మను నూర పుట్టెను. బాల్యమున పొలము పనిచేసి, యౌవనమున సేనలో చేరి, పిదప పత్రికాధిపతి యయ్యెను. సైనికులను కొరడాలతో కొట్టుటను ఖండించి వ్రాసినందులకు రెండేండ్లు చెరసాలలో నుండెను. ఇతడు 1821, 1822 సంవత్సరములలో 'కాటేజి ఎకానమీ' యను చిన్న పుస్తకమును భాగములుగా ప్రకటించెను. రొట్టె కాల్చుట, ఆవును, పందిని పెంచుట మొదలగు ఇంటి పనులను కూలివాండ్రకు తెలియజెప్పుట ఆ పుస్తకపు ఉద్దేశము.

పంది విషయమున కాబెట్టు చెప్పినది మిక్కిలి లెక్కతో గూడినది. చలికాలపు చివరనో వసంతమునందో నాలుగు మాసముల పిల్లను కొనవలె ననియు, కోయు కాలమునకు దానికి ఏడాది నిండవలె ననియు అతడు వ్రాసెను. పెట్టిన మేతకు తగిన మాంసము దక్కవలె నన్న ఆ వయస్సు అవసర మని అతని వాదము. ఎండకాల మంతయు తోటలోని ఆకులు, వంటింటి కుడితి చాలును. పంట నూర్చిన పిదప, చివరి మాసములలో యవల పిండియో బటానీ పిండియో పెట్టి క్రొవ్వెక్కింపవలెను. చూడుడు, పిల్లను కొను దినమునాడే కోయు దినమువరకు మేత లెక్క సిద్ధమై యున్నది. తోట వేయని వానికి పంది లేదు.

కాబెట్టు మరియొక మాట కూడ వ్రాసెను. దొంగతనమును, దొరల యడవులలో దొంగవేటను మాన్పించుటకు శిక్షాచట్టముల సంపుటములకంటె, పేదవాని యింట వ్రేలాడు రెండు ఉప్పుమాంసపు పలకలు ఎక్కువ పని చేయునని దాని తాత్పర్యము. ఈ మాటను జ్ఞాపక ముంచుకొనుడు. మన దేశమునకు వచ్చినపుడు దీనితో పని గలదు.

కాబెట్టు తరువాత అరువది యేండ్లకు, 1880 ప్రాంతమున, ఆక్సుఫర్డు సీమలోని ఒక చిన్న పల్లె యెట్లుండెనో ఫ్లోరా థాంప్సను అను నామె వ్రాసినది. ఆమె 1876 లో ఆ పల్లెలోనే పుట్టినది. ఆమె గ్రంథము 'లార్క్ రైజ్' 1939 లో వెలువడినది. కూలివాని వారపు జీతము పది షిల్లింగులు. ఇంచుమించు ప్రతి యింటి వెనుక ఒక పంది యుండెను. బడినుండి వచ్చు పిల్లలు దారి ప్రక్కల పాలకూరలను కోసి, వాన వెలిసిన సాయంకాలములందు నత్తలను ఏరి పందికి తెచ్చెడివారు. ఆదివారమునాడు మగవారు ఒకరి దొడ్డికి ఒకరు పోయి, గోడపై మోచేతు లానించి పందిని చూచి, దాని వీపు గోకి, బరువు నంచనా వేసెడివారు. అచ్చట పంది బరువును స్కోరులలో చెప్పుదురు. స్కోరు అనగా ఇరువది రాత్తలు, సుమారు తొమ్మిది కిలోగ్రాములు.

కాని ఆమె చెప్పిన యొక సంగతి మనస్సును కలచివేయును. పంది క్రొవ్వెక్కవలసిన చివరి మాసములలో పిండి కొనుటకు చేత డబ్బు లేక, కొందరు పిండిమరవానికో రొట్టెలవానికో సగము పందిని ముందుగానే తాకట్టు పెట్టెడివారు. కోసిన దినమున సగము అప్పులవాని యింటికి పోయెడిది. ఇంటి యిల్లాలు మేము ఈ శుక్రవారము సగము పందిని కోయుచున్నాము అని మామూలు మాటగా చెప్పెడిదట. మిగిలిన సగమునకు ఆ పంది యేమైనదో శ్రోతలే ఊహించుకొనవలసినది. సగము మేతతో పందిని తెచ్చుకొనినవానికి సగము పందియే దక్కినది. మన రైతు కళ్లములోనే షావుకారుకు కొలిచి యిచ్చిన గింజల కథ ఎరిగిన మీకు ఈ సంగతి వేరుగ విప్పి చెప్పనక్కరలేదు.

ఇంతకంటె ఘోరమైన పాఠము ఐర్లండు దేశమున జరిగినది. అచ్చటి పేద రైతు బంగాళాదుంపలు పండించి, తాను తిని, మిగిలినవి పందికి పెట్టెను. పందిని తాను తినలేదు, అమ్మి భూస్వామికి శిస్తు కట్టెను. అందుచే పందిని శిస్తు కట్టు దొరగా రని హాస్యముగా పిలిచిరి. 1841 లో ఆ దేశమున సుమారు 14 లక్షల పందు లుండెను. 1845 లో దుంపలకు తెగులు సోకినది. మరుసటి యేడు పంట దాదాపు పూర్తిగా కుళ్లిపోయినది. మనుజునికే తిండి లేని యింట పందికి మేత యెక్కడిది? కొన్నిటిని అమ్మిరి, కొన్నిటిని తినిరి, కొన్ని చచ్చెను. 1847 నాటికి మిగిలినవి సుమారు 6 లక్షల 20 వేలు. పంది పోయినది గనుక శిస్తు లేదు. శిస్తు లేదు గనుక అనేకులను గుడిసెలనుండి వెడలగొట్టిరి. ఆ కరవులో సుమారు పది లక్షల మంది మరణించిరి, పది లక్షలకు పైగా దేశము విడిచి పోయిరి.

ఇందు పంది తప్పేమియు లేదు. మనిషి తిండియు పంది మేతయు ఒక్క పంటయే యగుట తప్పు. ఆ పంట పోయిననాడు రెండును పోయెను. కాబట్టి పెరటి పందికి పెట్టు మేత ఇంటిల్లిపాది తిను పంటకు వేరై యుండవలెను, ఒక దానిపై గాక రెండు మూడింటిపై ఆధారపడవలెను.

మేత యున్నను రోగ మొకటి గలదు. పదిమాసములు పెంచిన పంది ఒక్క రాత్రిలో చచ్చిన, పేదవాడు ఏమి చేయును? ఇంగ్లండు పల్లెవారు దీనికి కనుగొనిన యుపాయము పందుల సంఘము. 19వ శతాబ్దమున ఇట్టి సంఘములు అనేక గ్రామములందు వెలసెను. సభ్యుడు పిల్లను కొనిన వెంటనే సంఘపు పెద్దలు వచ్చి, ఆరోగ్యమును పరీక్షించి పట్టీలో వ్రాసికొందురు. అతడు కొద్దిపాటి చందా చెల్లించును. పంది రోగముచే చచ్చిన, పెద్దలు చూచి నిశ్చయించి దాని వెలను నిధినుండి యిత్తురు. దొడ్డిని మురికిగా నుంచువానిని ఇరుగుపొరుగువారే మందలింతురు. ఏలనన, వాని పంది చచ్చిన నష్టము అందరి నిధికిని గదా! దొర సహాయము లేకయే, చదువు కొలదిగా నున్న కూలివాండ్రు ఈ లెక్కలను నడపుకొనిరి.

రెండవ ప్రపంచ యుద్ధమున ఈ సంఘములకే ప్రభుత్వము చేయూత నిచ్చెను. 1940 జనవరిలో ఉప్పుమాంసమునకు రేషను ఏర్పడినది. ఆ యేటనే చిన్న పెంపకందార్ల కొరకు ఒక మండలి యేర్పడి, వేలకొలది సంఘములను ప్రోత్సహించినది. సభ్యులు తమ మాంసపు రేషనును వదలుకొని, దానికి బదులుగా పంది పిండిని పొందిరి. లండను నగరమున హైడు పార్కులో కూడ పందుల దొడ్డి వెలసినది. 1954 లో రేషను ముగిసిన పిదప, పెద్ద కంపెనీల పెంపకము బలిసి, పెరటి పంది క్రమముగా ఆ పల్లెలనుండి మాయమాయెను.

ఇక దొడ్డి విషయము. పందికి చెమట పోసి ఒడలు చల్లబరచుకొను శక్తి లేదు. అందుచే అది బురద వెదకును. బురద దానికి ప్రీతి యని లోకము తలచుచున్నది. నిజమునకు అది ఎండకు దాని మందు. నీడయు, శుభ్రమైన నీరును ఇచ్చిన దొడ్డిలో, చోటు చాలినంత యున్నచో, పంది పడుకొను మూలను సాధారణముగా మలినము చేయదు. వేరొక మూలనే విసర్జించును. ఈ గుణమును గమనించియే పూర్వపు పల్లెవారు దొడ్డిని రెండు భాగములుగా కట్టిరి: కప్పు గల పొడి పడక, దాని ముందు వాలుగల బయలు. వాలు చివరనుండి పోగుపడు ఎరువు దుంపల మడికి చేరెడిది. తోట పందిని పెంచెను, పంది తోటను పెంచెను.

మంచి జాతిని గూర్చి యొక ముచ్చట. నేడు లోకమంతట వ్యాపించిన తెల్ల యార్కుషైరు పందికి తొలి కీర్తి తెచ్చినవాడు జమీందారు గాడు, కీత్లీ యను నూరి నేతగాడు. జోసెఫ్ ట్యూలీ యని అతని పేరు. 1851 లో విండ్సరునందు జరిగిన రాజ వ్యవసాయ ప్రదర్శనమున అతని పందులను చూచి జనులు ఆశ్చర్యపడిరి. మగ్గము ముందు కూర్చుండి జీవించువాడు చిన్న పెరటిలో ఏర్చి కూర్చి పెంచిన సంతతి అది. మన తిరుపతిలోని పశువైద్య విశ్వవిద్యాలయమువారు మన దేశవాళి పందితో కలిపి సంకరజాతిని సిద్ధపరచినది ఈ తెల్ల పందితోనే.

ఇప్పుడు మన యూరికి వత్తము. తెలుగు దేశమున పందుల పెంపకము ముఖ్యముగా ఎరుకలవారి చేతిలో నుండెను. పూర్వము వీరు ఎద్దులపైనను గాడిదలపైనను ఉప్పును, ధాన్యమును కోస్తానుండి మెట్టసీమలకు చేరవేసి వర్తకము చేసిరి, బుట్ట లల్లిరి, ఎరుక చెప్పిరి. రైలు బండ్లు వచ్చి, ఉప్పుపై ప్రభుత్వపు కట్టుబాట్లు బిగియగా, ఆ వర్తకము చెడినది. వీరికి కంచె వేసి పోగొట్టదగిన భూమియే మొదట లేదు. పందులు మాత్రము మిగిలెను. వానికి దొడ్డి కట్టుకొనుటకు స్థలము లేదు. అవి ఊరి వెలుపల తిరిగి, మనము పారవైచిన మురికి తిని బ్రదికెను.

కాబెట్టు మాటను జ్ఞాపక ముంచుకొను డంటిని. మన పాలకులు ఉప్పుమాంసపు పలకను గాక చట్టపు సంపుటమునే కోరుకొనిరి. 1871 లో ఉత్తర హిందూస్థానమున పుట్టిన నేరస్థ జాతుల చట్టము, 1911 నాటి చట్టముతో మద్రాసు రాజధానికిని వచ్చినది. పుట్టిన పసికందుకు సయితము నేరస్థు డను ముద్ర పడినది. అట్టి కుటుంబములను ఉంచుటకు 1913 లో నేటి బాపట్ల జిల్లాలోని స్టూవర్టుపురము వెలసినది. ఆ చట్టము 1952 లో రద్దయినది. చట్టము పోయినను, పందితోపాటు పంది కాపరిని గూడ ఊరి వెలుపల నుంచు బుద్ధి మనలో ఎంతవరకు పోయినదో ఎవరికి వారు ఆలోచించుకొనవలెను.

దానివలన నష్టము ఎరుకలవారికి మాత్రమే కాదు. జర్మను వైద్యుడు కూకెన్‌మైస్టరు 1855 లో ఒక సంగతిని నిరూపించెను. పంది మాంసమందలి చిన్న తిత్తులే మనిషి కడుపులో బద్దెపురుగులుగా పెరుగునట. ఆ పురుగు గ్రుడ్లు మనిషి మలముతో బయటపడును. బయలున తిరుగు పంది దానిని తిన్నచో దాని కండలలో మరల తిత్తు లేర్పడును. అంతటితో ముగియలేదు. ఆ గ్రుడ్లు మురికి నీటితోనో, కడుగని కూరతోనో మనిషి నోటబడిన, అతని మెదడులోనే తిత్తులు కట్టి మూర్ఛలు తెప్పించును. ఇది పంది మాంసము ముట్టనివానికిని వచ్చును. బయలు విసర్జనము, బయలు పంది, ఈ రెండును గూడిన యూర ఏ కులమువాడును క్షేమముగా నుండడు. వరి చేల దోమలు పందులనుండి మనుష్యులకు మోయు మెదడువాపు జ్వరము మరియొకటి. ఈ జ్వరము మన జిల్లాలలో ఎందరో పసివారిని బలిగొన్నది. దానికి పిల్లలకు టీకా గలదు, వేయింపవలెను.

ఎంగిలి మేతలోను జాగ్రత్త వలయును. 2001 లో ఇంగ్లండునందు గాలికుంటు వ్యాధి చెలరేగి, అరువది లక్షలకు పైగా పశువులను చంపవలసి వచ్చినది. సరిగా ఉడికింపని ఎంగిలి కుడితిని పందులకు పెట్టిన యొక దొడ్డినుండి అది బయలుదేరినదని విచారణలో తేలినది. ఆ యేటనే అచ్చట ఎంగిలి మేతను నిషేధించిరి. 2020 లో మన దేశపు ఈశాన్యమున ఆఫ్రికా పంది జ్వరము అడుగిడినది. దానికి చికిత్స లేదు. అది మనిషికి సోకదు గాని, సోకిన దొడ్డిని తుడిచిపెట్టును. మాంసము కలిసిన హోటలు ఎంగిలిద్వారా అది వ్యాపించును.

కాబట్టి పందిపిల్లను కొనదలచిన గృహస్థు ముందుగా ఇంటికి దూరముగా ఎత్తైన చోటు చూచుకొనవలెను. ఎదిగిన పంది యొకదానికి కప్పు క్రింద సుమారు ఇరువది చదరపు టడుగులు, ముందు వాలు బయలు, గట్టి నేల, నీటి తొట్టి, చుట్టును గోడ వలయును. రెండవది మేత. క్రొవ్వెక్కు పందికి దినమునకు రెండు మూడు కిలోగ్రాముల గట్టి మేత కావలెను. తవుడు, నూకలు, తెలగపిండి ఏ నెలలో ఎక్కడనుండి వచ్చునో, ఏ ధరకు దొరకునో కోత దినమువరకు లెక్క కట్టుకొనవలెను. అప్పుతో క్రొవ్వెక్కిన పంది అప్పులవానిదే. మూడవది మరుగుదొడ్డి, అది లేని యింట పందుల దొడ్డి వ్యర్థము. నాలుగవది పశువైద్యుడు వేయు పంది జ్వరపు టీకా. ఇవి కుదిరిన పిదపనే పిల్ల. గర్భము మోయు ఆడపందిని తెచ్చుట ఆ తరువాతి మాట. అది మూడు నెలల మూడు వారముల మూడు దినములకు ఈని, ఒక్క పర్యాయమే ఎన్నో నోళ్లను ఇంటికి తెచ్చును.

పెద్దలారా, వీనిలో ముఖ్యమైనది ఇల్లు లేని పేదవాని చేతిలో లేదు. అది స్థలము. ఇంగ్లండు కూలివానికి గుడిసె వెనుక దొడ్డియైన మిగిలినది. మన యూరి పందుల కాపరికి అదియు లేదు. వీధిలో పందులను తరుమవలె నని ఫిర్యాదు వచ్చినపుడు, పంచాయతీలో కూర్చుండువారు మీరే. ఆనాడు తరుముటకు మనుష్యులను పిలుచుటకు ముందు, ఊరి పోరంబోకులో కొన్ని సెంట్లు, ఒక నీటి కుళాయి ఆ కుటుంబములకు చూపగలమా యని యొక్కసారి యోచింపుడు. దొడ్డి కట్టిననాడు వీధి శుభ్రమగును, పిల్లలకు జ్వర భయము తగ్గును, ఒక సంసారము నిలుచును.